ఏటా సీఏ 125 చేయించాలా? అమ్మ గురించి అడిగిన అమ్మాయికి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మకి 56 ఏళ్లు, ఉండేది తునిలో. నెలసరి ఆగి ఐదేళ్లయింది, ఒంట్లో ఏ బాధా లేదు. పక్కింటి ఆవిడకి పోయిన నెల అండాశయ క్యాన్సర్ బయటపడింది, అదీ మూడో దశలో. అప్పట్నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. ల్యాబ్ వాళ్ల హెల్త్ ప్యాకేజీలో సీఏ 125 అనే రక్తపరీక్ష కనిపించింది. దానికి స్కాన్ కూడా కలిపి ఏటా చేయించేస్తే సరిపోతుందా, లక్షణాలు ముందుగా ఎలా పసిగట్టాలి అన్నారు. చివర్లో బ్రాకెట్లో ఒక ముక్క రాశారు, మీ మేనత్త 45 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో పోయారని. మీ వయసు 31 అని కూడా. మీ ప్రశ్న మొత్తంలో నేను రెండుసార్లు చదివింది ఆ బ్రాకెట్టే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు సూటిగా జవాబు. ఏ లక్షణమూ లేని మీ అమ్మగారికి క్యాన్సర్ కోసమని ఏటా సీఏ 125 గానీ, స్కాన్ గానీ అక్కర్లేదు. రేపెప్పుడైనా కొత్తగా కడుపు ఉబ్బరం మొదలై, రెండు మూడు వారాలైనా వదలకపోతే మాత్రం అవే రెండు పరీక్షలు ఆ వారంలోనే చేయించండి. ఒకచోట వద్దంటూ ఇంకోచోట వెంటనే చేయించమంటున్నారేంటి అనిపిస్తుంది. నేను చెప్పదల్చుకున్నదంతా ఆ తేడా గురించే.

నేను గైనకాలజిస్టుని. కాకినాడ వైపు ఇరవై ఆరేళ్లుగా ప్రాక్టీసు. క్యాన్సర్ సర్జన్ని కాదు. అనుమానం వచ్చినవాళ్లని ఆంకాలజీకి పంపిస్తాను, ఆపరేషన్, కీమో అయ్యాక చాలామంది మళ్లీ నా దగ్గరికే చెకప్‌లకి వస్తారు. అందుకని మొదట్లో వాళ్లు చెప్పిన మాటలు, తర్వాత జరిగినవి రెండూ నా నోటుపుస్తకంలో పక్కపక్కనే ఉంటాయి.

ఈ జబ్బుకి 'సైలెంట్ కిల్లర్' అనే పేరు ఎవరు పెట్టారో గానీ, నాకు నచ్చదు. ఇది మూగది కాదు. గ్యాస్ భాషలో మాట్లాడుతుంది, అంతే. మన ఇళ్లలో యాభై దాటిన ఆడవాళ్లు గ్యాస్ అనని రోజు ఏది? అందుకే ఎవరూ వినరు.

ఒకావిడ గురించి చెప్తాను. వయసు 52, పిఠాపురం దగ్గర పల్లె. కూతురు వెంటపెట్టుకొచ్చింది. నాలుగు నెలలుగా గ్యాస్ మాత్రలు వాడుతున్నారు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవి, తర్వాత టౌన్లో డాక్టరు రాసినవి. ఎండోస్కోపీ కూడా అయింది, కాస్త అల్సర్ ఉందన్నారు. ఆవిడ నాతో "రెండు ముద్దలు తినేసరికి గొంతుదాకా వచ్చేసినట్టుంటుందమ్మా" అన్నారు. అసలు సంగతి చెప్పింది కూతురు. "అమ్మ జాకెట్లన్నీ వదులైపోయాయి మేడమ్, భుజాల దగ్గర జారిపోతున్నాయి. లంగా బొందు మాత్రం ముడి అందట్లేదు. కొత్త లంగాలు కుట్టించాం." నేను పరీక్ష చేసేలోపే ఆ మాటతో నాకు సగం అర్థమైంది. మనిషి చిక్కిపోతూ నడుము చుట్టుకొలత పెరుగుతోందంటే అది కొవ్వు కాదు. స్కాన్‌లో కడుపునిండా నీరు, రెండు అండాశయాల మీదా గడ్డలు. నాలుగు లీటర్ల నీరు తీశారు. అది మూడో దశ. మూడు కీమోలు, ఆపరేషన్, మళ్లీ మూడు కీమోలు. ఆ తర్వాత ఐదేళ్లు బాగానే తిరిగారు, మనవడి అన్నప్రాసన చేసుకున్నారు. తర్వాత జబ్బు తిరగబెట్టింది.

కాబట్టి లక్షణాలు ఇవీ: కడుపు ఉబ్బరం లేదా కడుపు పెద్దదవడం, కొంచెం తినగానే నిండిపోవడం లేదా ఆకలి చచ్చిపోవడం, పొత్తికడుపులో గానీ నడుం భాగంలో గానీ నొప్పి, మాటిమాటికీ లేదా ఆపుకోలేనట్టుగా మూత్రం రావడం. వీటితోపాటు కారణం లేకుండా నీరసం, బరువు తగ్గడం, మలవిసర్జన అలవాటు మారడం కూడా ఉండొచ్చు. ఈ జాబితా ఏ వెబ్‌సైట్లో అయినా దొరుకుతుంది. దాని మీద చూస్తే మీకూ నాకూ అందరికీ ఈ జబ్బు ఉన్నట్టే.

జాబితా కన్నా ముఖ్యమైనది లెక్క. అమెరికాలో బార్బరా గాఫ్ అనే గైనిక్ ఆంకాలజిస్టు బృందం 2007లో ఒక సూచిక తయారుచేసింది. పైన చెప్పిన వాటిలో మొదటి మూడు బాధల్లో ఏదైనా గడిచిన ఏడాదిలోపే కొత్తగా మొదలై, నెలలో 12 రోజుల కన్నా ఎక్కువగా వస్తుంటే పట్టించుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు 2011లో ఇదే తరహా లెక్కని ఫ్యామిలీ డాక్టర్ల చేతిలో పెట్టాయి: ముఖ్యంగా యాభై దాటిన మనిషికి నెలలో 12 సార్లకు మించి, మూత్రం బాధతో సహా ఆ నాలుగింటిలో ఏదైనా ఉంటే ముందు సీఏ 125, అది 35 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే స్కాన్. ఇరవై ఏళ్లుగా ఉన్న అజీర్తి ఈ లెక్కలోకి రాదు. పండక్కి నాలుగు రోజులు పులిహోర, బూరెలు తిన్నాక వచ్చి పోయే ఉబ్బరం రాదు. వచ్చి, ఉండిపోయి, రోజురోజుకీ పెరిగేది వస్తుంది.

మా పేషెంట్లకి నేను చెప్పే పద్ధతి చాలా సులువు. ఇంట్లో గోడకి వెంకట్రామా క్యాలెండర్ ఎలాగూ ఉంటుంది. పాల లెక్క రాసే గడిలోనే, ఉబ్బరంగా అనిపించిన రోజు ఒక చుక్క పెట్టండి. మూడు వారాలయ్యాక చుక్కలు లెక్కపెట్టండి. "ఎప్పుడూ ఉంటుందమ్మా" అని చెప్పినవాళ్లకి మూడే చుక్కలుంటాయి. "అప్పుడప్పుడూ లెండి" అన్నవాళ్లకి పదిహేనుంటాయి. నోటిమాటని నమ్మడం నేను ఎప్పుడో మానేశాను.

యాభై దాటాక జీవితంలో మొదటిసారి ఐబీఎస్ అని ఎవరైనా రాసిస్తే నాకు అనుమానం. పేగులు అలిగే ఆ జబ్బు మామూలుగా చిన్న వయసులోనే మొదలవుతుంది. యాభై ఐదులో కొత్తగా వచ్చిందంటే, ఆ పేరు ఖాయం చేసేముందు అండాశయాలు చూడాలి.

ఇవన్నీ నేనేదో మొదట్నుంచీ తెలిసినట్టు చెప్తున్నాను గానీ, నా తప్పు కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక స్కూల్ టీచరుగారు వచ్చారు, వయసు 57. గంటకోసారి మూత్రానికి లేవాల్సి వస్తోంది, క్లాసు మధ్యలో వెళ్లలేక ఇబ్బందిగా ఉంది అన్నారు. ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాశాను. పదిహేను రోజుల్లో మళ్లీ వచ్చారు. మూత్రం కల్చర్ పరీక్షలో ఇన్ఫెక్షన్ ఏమీ లేదు. "నెలసరి ఆగాక ఇలాంటివి మామూలే" అని ఇంకో మందు రాసి పంపించాను. ఆ రెండుసార్లూ నేను లోపలి పరీక్ష చెయ్యలేదు. ఆవిడ బడికి టైమైపోతోందన్నారు, బయట నలభైమంది కూర్చున్నారు. మూడు నెలలకి ఇంకో ఊళ్లో స్కాన్ తీస్తే పన్నెండు సెంటీమీటర్ల గడ్డ. మూత్రాశయం మీద కూర్చుని నొక్కుతున్నది అదే. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పట్నుంచి నాదొక నియమం: యాభై దాటిన మనిషి ఒకే బాధతో రెండోసారి వస్తే, చేత్తో లోపలి పరీక్ష, స్కాన్ లేకుండా ఇంటికి పంపను.

ఇక మనవాళ్లలో పాతుకుపోయిన రెండు అపోహలు.

మొదటిది పాప్ స్మియర్. "పోయిన ఏడాదే పాప్ టెస్ట్ చేయించాం, క్యాన్సర్ లేదన్నారు" అంటారు. అది గర్భసంచి ముఖద్వారానికి చేసే పరీక్ష. అండాశయం సంగతి దానికి తెలియదు. సర్వైకల్ క్యాన్సర్‌కి అది బంగారం లాంటి పరీక్ష, అందుకోసం తప్పక చేయించుకోండి, కానీ దీనికి కాదు.

రెండోది ఇంకా పెద్దది. "గర్భసంచి తీసేశారు కదా, ఇక ఆ క్యాన్సర్లేం రావు." జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే, దేశం సగటున యాభైలోపు ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్ర, తెలంగాణల్లో ఎనిమిది దరిదాపుల్లో ఉంది. ముప్ఫై ఐదేళ్లకే తీయించుకున్నవాళ్లు మా ఓపీలో రోజూ కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి అండాశయాలు ఉంచేస్తారు, ఆ వయసులో ఉంచడమే మంచిది కూడా. కానీ ఏవి తీశారో, ఏవి ఉంచారో చాలామందికి తెలియదు. డిశ్చార్జి కాగితం ఏ పెట్టెలో ఉందో ఆ దేవుడికే తెలియాలి. మీ అమ్మగారికి ఆపరేషన్ అయి ఉంటే ఆ కాగితం వెతికి పెట్టుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ముందుగా పట్టుకుంటే మంచిదే కదా, ఏటా పరీక్ష చేయిస్తే పోయేదేముంది?

మొదటి దశలో దొరికితే నూటికి తొంభైమంది దాకా ఐదేళ్లు దాటుతారు. మూడు, నాలుగు దశల్లో ఆ లెక్క సగం కన్నా బాగా తక్కువ. దొరికేవాళ్లలో ఎక్కువమంది ఆ దశల్లోనే దొరుకుతారు. మన దేశంలో ఏడాదికి దాదాపు 47 వేల కొత్త కేసులని 2022 అంతర్జాతీయ అంచనా. ఈ అంకెలు చూస్తే ఎవరైనా స్క్రీనింగ్ పెట్టాలనే అంటారు. నేనూ అన్నాను. 2000ల్లో నేను చాలామందికి ఏటా సీఏ 125 రాశాను, దాచుకోవాల్సిన పనేం లేదు.

అప్పుడు రెండు పెద్ద ట్రయల్స్ వచ్చాయి. మొదటిది అమెరికాలో, పేరు పీఎల్‌సీఓ. 55 నుంచి 74 ఏళ్ల మధ్య 78 వేలమంది ఆడవాళ్లు. సగంమందికి ఏటా సీఏ 125, లోపలి స్కాన్. మిగతా సగానికి మామూలు వైద్యం. 2011లో ఫలితాలు ప్రచురించారు. అండాశయ క్యాన్సర్‌తో పోయినవాళ్లు పరీక్షలు చేసినవైపు 118, చెయ్యనివైపు 100. అంటే లాభం ఏమీ కనిపించలేదు. ఆ పక్కనే ఉన్న ఇంకో అంకె నన్ను మార్చింది. జబ్బు లేకపోయినా ఉందేమోనని పరీక్ష భయపెట్టినవాళ్లు 3,285 మంది. వాళ్లలో 1,080 మందికి ఆపరేషన్ దాకా వెళ్లింది. ఆ ఆపరేషన్లలో 163 మందికి తీవ్రమైన ఇబ్బందులొచ్చాయి. అనుమానం కోసం కడుపు కోయించుకుని, జబ్బు లేదని తెలుసుకుని, ఇన్ఫెక్షన్‌తోనో పేగు గాయంతోనో ఇంటికెళ్లినవాళ్లు వాళ్లు.

రెండోది బ్రిటన్‌లో, ఇంకా పెద్దది, ఇంకా జాగ్రత్తగా చేసింది. ఉషా మీనన్, ఇయాన్ జాకబ్స్ నడిపించారు. 2001 నుంచి 2005 దాకా నెలసరి ఆగిన రెండు లక్షలకు పైగా ఆడవాళ్లని చేర్చారు. ఒక గుంపుకి ఏటా సీఏ 125, అదీ ఒక్క అంకె చూసి కాదు, ఏడాదికేడాది ఆ అంకె ఎలా కదులుతోందో కంప్యూటర్‌తో లెక్కగట్టి. ఇంకో గుంపుకి ఏటా స్కాన్. మూడో గుంపుకి ఏమీ లేదు. పదహారేళ్లు వెంటపడి చూశారు. రక్తపరీక్ష గుంపులో మొదటి దశలో దొరికినవాళ్లు దాదాపు 47 శాతం ఎక్కువ, నాలుగో దశవాళ్లు దాదాపు పావువంతు తక్కువ. వింటే చాలా ఆశగా ఉంటుంది. 2021లో తుది లెక్క వచ్చింది: మూడు గుంపుల్లోనూ ఈ జబ్బుతో చనిపోయినవాళ్లు వెయ్యికి ఆరుగురే. ముందుగా దొరికారు, కానీ బతికినవాళ్లు పెరగలేదు.

ఇది మింగుడుపడదు, నాకూ పడలేదు. ముందుగా దొరికితే బతకాలి కదా? గోదావరి పక్కన బతికేవాళ్లకి ఒక పోలిక చెప్తాను. భద్రాచలం దగ్గర నీటిమట్టం ముందే తెలిసినంత మాత్రాన ధవళేశ్వరానికి వచ్చే నీళ్లు తగ్గవు. ఆ కబురుతో మనుషుల్ని గట్టెక్కించే టైం దొరికితేనే దానివల్ల లాభం. ఈ జబ్బులో ఎక్కువగా ప్రాణం తీసే రకం, హై గ్రేడ్ సీరస్ అంటాం, చాలాసార్లు మొదలయ్యేది అండాశయంలో కూడా కాదు, అండాన్ని గర్భసంచికి చేర్చే గొట్టం, ఫాలోపియన్ ట్యూబు, చివరి కుచ్చుల దగ్గర. ఆ కుచ్చులు కడుపు లోపలికి తెరుచుకుని ఉంటాయి. అక్కడ కొన్ని కణాలు చెడితే, స్కాన్‌లో కనిపించేంత గడ్డ అవ్వకముందే, రక్తంలో అంకె పెరగకముందే కడుపంతా చల్లుకుపోగలవు. మన పరీక్షలు ఆ చల్లుకోవడం కన్నా ముందు చేరుకోలేకపోతున్నాయి. చేరుకునే పరీక్ష రేపు ఎవరైనా కనిపెడితే నా జవాబు మార్చుకుంటాను.

అమెరికా నిపుణుల సంఘం 2018లో కూడా అదే చెప్పింది: లక్షణాలు లేని, వంశపారంపర్య ప్రమాదం లేని ఆడవాళ్లకి ఈ స్క్రీనింగ్ వద్దు. 2016లోనే ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అండాశయ క్యాన్సర్ స్క్రీనింగ్ పేరుతో అమ్మే పరీక్షలని నమ్ముకోవద్దని హెచ్చరించింది. మన ప్యాకేజీలవాళ్లకి ఆ కబురు అందినట్టు లేదు. వెయ్యి రూపాయల అటూఇటూ పరీక్షని 'లేడీస్ స్పెషల్'లో కలిపేసి ఉచితంగా ఇచ్చినట్టు రాస్తారు. దాని తర్వాత అయ్యే స్కాన్లు, ఎంఆర్‌ఐలు, నిద్రలేని రాత్రులు ఆ బిల్లులో ఉండవు.

సీఏ 125 ఏంటో కూడా చెప్పాలి. అది క్యాన్సర్ రక్తపరీక్ష కాదు. కడుపు లోపలి పొరలు దేనివల్ల చికాకుపడినా పెరిగే ఒక ప్రోటీన్. నెలసరి రోజుల్లో పెరుగుతుంది. గర్భంలో, ఎండోమెట్రియోసిస్‌లో, ఫైబ్రాయిడ్లలో, లివర్ జబ్బులో, గుండె బలహీనపడి నీరు చేరినప్పుడు పెరుగుతుంది. తమాషా ఏంటంటే, నిజంగా మొదటి దశ క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు సగంమందికి అది మామూలుగానే ఉంటుంది. లేనివాళ్లని భయపెట్టి, ఉన్నవాళ్లకి ధైర్యం చెప్తుంది.

పోయిన ఏడాది ఒకమ్మాయి, 43 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీ హెల్త్ చెకప్‌లో సీఏ 125 అంకె 68 వచ్చింది, ఎర్ర అక్షరాల్లో. రాత్రంతా ఇంటర్నెట్ చదివి, పొద్దున్నే బ్యాంకు పాస్‌బుక్కులు, ఎల్ఐసీ కాగితాలు ఒక కవర్లో సర్ది భర్త చేతికిచ్చిందట. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న: "రక్తం ఇచ్చిన రోజు నెలసరిలో ఉన్నావా?" ఉంది. స్కాన్‌లో గర్భసంచి గోడ కాస్త మందంగా ఉంది, అడినోమయోసిస్. అండాశయాలు శుభ్రం. నెలసరి లేని రోజుల్లో మళ్లీ తీస్తే 29. మూడు వారాలు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

ఇంకొకటి మన దేశంలో ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది: కడుపులో టీబీ. 29 ఏళ్ల అమ్మాయి, సాయంత్రమైతే జ్వరం, కడుపులో నీరు, సీఏ 125 ఆరువందలు దాటింది. సీటీలో లోపలి పొరలు మందంగా కనిపించాయి. బంధువులు ఏడవడం మొదలుపెట్టేశారు, ఎవరో మూడో దశ అని కూడా చెప్పేశారట. ల్యాప్రోస్కోపీలో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే టీబీ అని తేలింది. ఆరు నెలలు మాత్రలు వాడితే అంకె 18కి దిగింది. ముక్క పరీక్ష కాకుండా అంకె చూసి క్యాన్సర్ అనకూడదు. ఇలాంటి కేసుల్ని క్యాన్సర్ అనుకుని పెద్ద ఆపరేషన్ టేబుల్ మీదకి తీసుకెళ్లిన సందర్భాలు మా వృత్తిలో అందరికీ తెలుసు.

అవతలివైపు వాదన కూడా చెప్పకపోతే అన్యాయం. స్క్రీనింగ్ కావాలనేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. వాళ్లు అనేదేంటంటే, బ్రిటన్ ట్రయల్ ఆపరేషన్లు, మందులు పాతకాలంవి; ఇప్పుడు పార్ప్ ఇన్హిబిటర్ల లాంటి మందులొచ్చాయి, ముందుగా దొరికితే ఇప్పుడు తేడా ఉండొచ్చు. ఉండొచ్చు. దశ తగ్గినా బతుకు పెరగలేదని చూపిన ట్రయల్ ఉన్నాక, 'ఉండొచ్చు' అనే మాట మీద ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ల కడుపు తెరవడానికి నేను సిద్ధంగా లేను. వంశంలో బీఆర్‌సీఏ లోపం (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ప్రమాదం పెంచే జన్యులోపం) ఉండి, ఇంకా ఆపరేషన్ వద్దనుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి బ్రిటన్‌లో నాలుగు నెలలకోసారి ఆ రక్తపరీక్ష పెట్టి చూశారు, కొంచెం ముందుగా పట్టుకోగలిగారు. అక్కడ నేను కాదనను, అయితే అది ఆపరేషన్‌కి బదులు కాదు.

లక్షణాలుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. ఏ బాధా లేని వేలమందిలో ఒకరిని వెతకడం వేరు, మూడు వారాలుగా కడుపు ఉబ్బి ఉన్న మనిషిలో కారణం వెతకడం వేరు. అప్పుడు సీఏ 125, స్కాన్ రెండూ పనికొస్తాయి. స్కాన్ వీలైతే లోపలి నుంచి చేసేది. అమ్మలు సిగ్గుపడతారు, నొప్పేమో అనుకుంటారు. రెండు నిమిషాల పని, పైనుంచి చేసినదానికన్నా చాలా స్పష్టంగా కనిపిస్తుంది, లేడీ డాక్టరు కావాలని అడగొచ్చు.

రిపోర్టులో 'సింపుల్ సిస్ట్' అని, ఐదు సెంటీమీటర్లలోపు, సీఏ 125 మామూలుగా ఉంటే గుండె చేతిలో పెట్టుకోకండి. నెలసరి ఆగినవాళ్లలో కూడా ఇవి చాలావరకు ప్రమాదం లేనివే, నాలుగు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చూస్తే చాలు. 'సాలిడ్', 'పాపిల్లరీ', 'మల్టీలాక్యులర్', 'అసైటిస్', రెండువైపులా గడ్డలు, ఓ-ర్యాడ్స్ (గడ్డ ఎంత ప్రమాదమో స్కాన్ చూసి అంకెలో చెప్పే పద్ధతి) 4 లేదా 5 అని ఉంటే ఆగకూడదు. అప్పుడు వెళ్లాల్సింది గైనిక్ ఆంకాలజిస్టు దగ్గరికి, దగ్గర్లో ఉన్న నర్సింగ్‌హోమ్‌లో ల్యాప్రోస్కోపీకి కాదు. అనుమానం ఉన్న నీటిగడ్డని సూదితో గుచ్చి నీళ్లు తియ్యడం, లోపల పగలగొట్టి తియ్యడం మహా పొరపాటు. అప్పటిదాకా లోపలే ఉన్న జబ్బు కడుపులో ఒలికిపోతుంది, ఆ ఒలకడంతోనే దశ మారిపోతుంది. మొదటి ఆపరేషన్ ఎవరు చేశారన్నది ఈ జబ్బులో చాలా తేడా తెస్తుంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటిచోట్ల ఇవే పనిగా చేసేవాళ్లుంటారు. ఆరోగ్యశ్రీలో, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో ఉన్నాయి, డబ్బుకి భయపడి నెలలు గడపొద్దు.

ఇప్పుడు ఆ బ్రాకెట్.

మీరు అమ్మ గురించి అడిగారు. మేనత్త మీ నాన్నగారి అక్క. ఇంట్లో మేనరికం లేకపోతే, ఆవిడ జబ్బుకీ మీ అమ్మగారికీ రక్తసంబంధం లేదు. ఉంటే గింటే అది మీ నాన్నగారికి, ఆయన ద్వారా మీకు. ఇది మనవాళ్లు ఎప్పుడూ తప్పుపోయే చోటు. రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఆడవాళ్ల జబ్బులు కాబట్టి అమ్మవైపే అడుగుతారు: అమ్మమ్మకి ఉందా, పెద్దమ్మకి ఉందా, పిన్నికి ఉందా. బీఆర్‌సీఏ జన్యువులో లోపం మగవాళ్ల ద్వారా కూడా అంతే సమానంగా వస్తుంది. నాన్నకి ఉంటే పిల్లలు ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. (మేనరికాలున్న ఇళ్లలో వంశవృక్షం గీయడం నాకు ఎంబీబీఎస్ పరీక్షల కన్నా కష్టం. మేనత్తే అత్తగారు, బావే మొగుడు, గీతలన్నీ చుట్టు తిరిగి మొదటికే వస్తాయి.)

ఒక్క మేనత్త ఉన్నంత మాత్రాన మీకు ప్రమాదమని నేను అనట్లేదు. యాభైలోపు రొమ్ము క్యాన్సర్ అనేది ఒక కౌన్సిలింగ్‌కి వెళ్లడానికి సరిపడా కారణం, అంతే. నాన్నగారి వైపు కూర్చుని అడగండి: ఇంకెవరికైనా రొమ్ము, అండాశయం, ప్యాంక్రియాస్, ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందా? "కడుపులో గడ్డతో పోయింది", "కడుపు ఉబ్బి పోయింది" అని చెప్పే నాయనమ్మ చెల్లెలు ఎవరైనా ఉన్నారా? పాతతరంలో క్యాన్సర్ అనే మాట వాడరు, ఇలాగే చెప్తారు. ఆ వివరాలతో జెనెటిక్ కౌన్సిలర్‌ని కలవండి. మామూలుగా పరీక్ష ముందు జబ్బు వచ్చిన మనిషికి చేస్తాం. మేనత్త లేరు కాబట్టి మీ నాన్నగారికి చెయ్యడం మంచిది. రక్తపరీక్షే.

ఇంత చెప్పడానికి కారణం, అంకెలు. బీఆర్‌సీఏ 1 లోపం ఉన్నవాళ్లలో 80 ఏళ్లలోపు అండాశయ క్యాన్సర్ వచ్చేది నూటికి 40 మందికి పైగా, బీఆర్‌సీఏ 2లో 17 మంది దాకా. లోపం ఉందని తేలితే పిల్లలు పుట్టాక, బీఆర్‌సీఏ 1 అయితే 35 నుంచి 40 ఏళ్ల మధ్య, 2 అయితే 40 నుంచి 45 మధ్య, ట్యూబులూ అండాశయాలూ తీయించుకోమంటాం. హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ 2015లో చేయించుకున్నది ఇదే, వాళ్లమ్మ 56 ఏళ్లకే పోయాక. ఆపరేషన్‌తో నెలసరి ఒక్కసారిగా ఆగిపోతుంది, వేడి ఆవిర్లు, ఎముకలు, నిద్ర, అన్నీ చూసుకోవాలి. చిన్న నిర్ణయం కాదు. కానీ వంద సీఏ 125లు చెయ్యలేని పని అది చేస్తుంది.

వంశంలో ఏమీ లేనివాళ్లకి కూడా ఒక మాట. వేరే కారణానికి గర్భసంచి తీసేటప్పుడు, లేదా కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో, అండాశయాలు ఉంచి ట్యూబులు మాత్రం పూర్తిగా తీసేయమని అడగొచ్చు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా డాక్టర్లు 2010 నుంచే దీన్ని ప్రోత్సహిస్తున్నారు. గర్భనిరోధక మాత్రలు కొన్నేళ్లు వాడినవాళ్లకీ, పిల్లల్ని కని పాలిచ్చినవాళ్లకీ ఈ జబ్బు కొంత తక్కువ. దానికోసమని మాత్రలు మొదలుపెట్టమని మాత్రం అనను.

మీ అమ్మగారి సంగతికొస్తే, ఈ ఏడాది ఆ డబ్బుతో బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించండి. యాభై ఆరేళ్ల మనిషికి రొమ్ము పరీక్ష, సర్వైకల్ స్క్రీనింగ్ అయ్యాయా కనుక్కోండి, అవి నిజంగా ప్రాణాలు కాపాడే స్క్రీనింగులు. నెలసరి ఆగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా దాచొద్దని చెప్పండి, అది ఎక్కువసార్లు అండాశయం కాదు గానీ గర్భసంచి లోపలి పొర చూడాలి. పక్కింటి ఆవిడ దగ్గరికి వెళ్లి కూర్చున్నప్పుడు, ఆవిడకి మొదట్లో ఏం అనిపించిందో అమ్మని అడగమనండి. నా అంచనా ప్రకారం గ్యాస్ అనే చెప్తారు. క్యాలెండర్లో చుక్కల సంగతి అమ్మకి ఇవాళే ఫోన్‌లో చెప్పండి. పెన్ను దారంతో క్యాలెండర్‌కే కట్టి పెట్టమనండి, లేకపోతే రాయరు.

నాన్నగారి వైపు వివరాలు తెలిశాక ఇక్కడే రాయండి, పేర్లు వద్దు, వరసలూ వయసులూ చాలు. ఎవరిని ముందు పరీక్ష చేయించాలో చెప్తాను.